నడిమి వరస

పోయిన వారం అక్కని మెట్ల మీద వదిలేశాం. ఆమెని ఇంకా అక్కడే నిలబెట్టడం న్యాయం కాదు. తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. కిందటేడు అక్కడ సమ్మె జరిగింది, గెలిచింది. గెలిచిన రోజునే అక్క భర్త, ఇస్త్రీ రోలర్ల మీద పనిచేసే మనిషి, గేటు లోపల తొక్కిసలాటలో పోయాడు. సమ్మె నడిపింది అక్క సొంత తమ్ముడు. అతన్ని అందరూ సేనాని అంటారు. ఇప్పుడు యజమాని రోలర్ల ముందుండే రక్షణ కమ్మీలు పీకించేశాడు. కమ్మీ అడ్డం ఉంటే పని నెమ్మదిస్తుందట! వేళ్ళు కాలినవాళ్ళ గురించి ఆఫీసులో మాట్లాడితే, జాగ్రత్తగా చెయ్యండమ్మా అని సలహా ఇచ్చి పంపాడు. అందుకే రేపు పొద్దున మళ్ళీ సమ్మె. ముందు నిలబడేవాళ్ళలో అక్క కూతురుంది. పిడుగు అంటేనే పలుకుతుంది. దాన్ని తప్పించమని అడగడానికి ఆదివారం మధ్యాహ్నం అక్క బయల్దేరి, తమ్ముడు ఇంట్లో లేకపోతే, గడియారాల కొట్టు మీది గదికి వచ్చింది. తలుపు అవతల పాచికలు దొర్లుతున్న చప్పుడు. తలుపు తోసింది. అక్కడ ఆగాం.

లోపల ఒక పాత తలుపుని రెండు పీపాల మీద పడుకోబెట్టి బల్ల చేశారు. దాని మీద ఆకుపచ్చ దుప్పటి. దుప్పటి మీద వేలెడంత సీసం బొమ్మలు, వందల కొద్దీ, బల్లేలు పట్టుకుని డాళ్ళు పట్టుకుని. బల్లకి ఒకవైపు సేనాని, చేతిలో బొమ్మల అడుగులు కొలిచే దర్జీ టేపు. రెండో వైపు గడియారాల బాబాయి, నుదుటి మీద భూతద్దం. ఆ బొమ్మలన్నీ బాబాయి పోత పోసినవే. కింద కొట్లో గడియారాలు బాగుచేస్తాడు, పైన రెండు వేల ఏళ్ళ నాటి యుద్ధాలు బాగుచేస్తాడు.

"రా అమ్మాయ్, రా," అన్నాడు బాబాయి, లేచి నిలబడలేక నిలబడి. "ఇక్కడంతా సీసం దుమ్ము. కిందికి పోదాం పద, కుర్చీలున్నాయి, గాలి వస్తుంది."

"గాలికి రాలేదు బాబాయ్."

"ఏంటక్కా ఇలా వచ్చావు?" సేనాని టేపు మడుస్తున్నాడు. మడిచిన టేపుని మళ్ళీ విప్పి మళ్ళీ మడుస్తున్నాడు.

అక్క ఆ గది గుమ్మం తొక్కడం అదే మొదలు. తమ్ముడికి పెళ్ళీ పెటాకులూ లేకుండా చేసింది ఈ గదేనని ఆమెకి కోపం. ఆ గదికో పద్ధతుంది. ఆట మొదలయ్యే ముందు ప్రతివాడూ పాతకాలం సేనాపతుల్లో ఒకణ్ణి ఎంచుకోవాలి. ఎంచుకున్నాక పొద్దు వాలేదాకా అతని బుద్ధితోనే ఆడాలి, అతని పేరుతోనే పిలిపించుకోవాలి. ఇంకో నియమం కూడా ఉంది: సేనాపతి బొమ్మ పడిపోతే ఆట ఓడిపోయినట్టే. అందుకని అలెగ్జాండర్‌ని పట్టుకున్న కుర్రకారంతా గుర్రాల ముందు తామే దూకి, గంటలో ఓడి, సినిమాకి పోయేవాళ్ళు. బాబాయి ఎప్పుడూ ఫేబియస్‌నే పట్టుకునేవాడు. ఆ రోమన్ సేనాపతి కొండల మీదే తిరుగుతూ యుద్ధాన్ని వాయిదా వేసేవాడట. బాబాయి ఆడితే ఆట సగం టీ తాగడంలోనే గడిచేది. సేనాని మాత్రం ఆ రోమన్లనే వణికించిన హానిబాల్. వేరే పేరు ఎంచుకున్న రోజు లేదు.

"మీ ఆట చూద్దామని," అంది అక్క.

అబద్ధమని ముగ్గురికీ తెలుసు. అయినా ఆమె బల్ల దగ్గరికి నడిచింది. పెద్దగా చూడాలని చూడలేదు. కూతురి మాట ఎలా ఎత్తాలా అని కాస్త సమయం కోసం చూసింది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

దుప్పటి మీద ఒక సబ్బుపెట్టె బోర్లించి ఉంది. దానికి కాస్త ఎడంగా నిలువు డబ్బా, పక్కన బోర్లించిన గిన్నె. ఎదురుగా రెండు అగ్గిపెట్టెలు, మధ్యలో జాగా. అక్క ఆ లాండ్రీలో మాసిన దుప్పట్లు ఏరే పనిలోనే జుట్టు నెరిసిన మనిషి. ఆ జాగా ఆమె కాళ్ళకి తెలుసు.

"ఇది సరుకెక్కించే అరుగు కదా," అంది సబ్బుపెట్టె చూపించి.

వేలు గిన్నె మీదికి, డబ్బా మీదికి, అగ్గిపెట్టెల మధ్యకి జరిగింది.

"ఇది బాయిలర్ గది. ఇది నీళ్ళ ట్యాంకు. ఇది గేటు. మన లాండ్రీ ఏంటిరా ఇక్కడ? రేపటిదా?"

"రేపటిది కాదు," అన్నాడు బాబాయి.

"బాబాయ్!" సేనాని కసిరాడు.

"నా మీద అరిచి ఏం లాభంరా? చూసేసింది."

ఆ గదిలో ఓడిన ఆటని వదిలెయ్యరు. మళ్ళీ మొదట్నించీ పేర్చి, ఎక్కడ తప్పిందో వెతుకుతారు. గెలిచిన ఆటని ఎవడూ మళ్ళీ పేర్చడు. ఎందుకు పేర్చాలి? సేనాని ఒక్కడే, కిందటేడు గెలిచిన గేటు యుద్ధాన్ని అప్పట్నించీ ప్రతి ఆదివారం పేరుస్తున్నాడు. సమ్మెవాళ్ళు ఒక వైపు, యజమాని కిరాయికి తెచ్చిన కర్రలవాళ్ళు రెండో వైపు. కర్రల పక్షం బాబాయి ఆడేవాడు, మొహం అటు తిప్పుకుని.

"వీళ్ళెవరు?" గేటుకి ఎదురుగా, విల్లు వంచినట్టు ముందుకు ఉబ్బిన బొమ్మల వరసని చూపించింది.

"మనవాళ్ళు."

"మనవాళ్ళు ఇలా నిలబడలేదే! ఆ రోజు నేను గోడవతల నుంచి చూశా. ముందుకి పోయారు, కర్రలు పడేసరికి బెదిరి వెనక్కి..." ఆమె మాట అక్కడే తెగింది. వేలు మాత్రం కదిలింది. విల్లు నుంచి వెనక్కి, వెనక్కి, సబ్బుపెట్టె దాకా. తర్వాత బాయిలర్ గది వెనక దాచిన బొమ్మల దగ్గరికి. తర్వాత రెండో వైపు, పాత ట్రాలీల కొట్టమని పెట్టిన చెక్కముక్క వెనక దాచిన బొమ్మల దగ్గరికి. "వీళ్ళు ముందే ఇక్కడున్నారా?"

"ఉన్నారు."

"ముందే?"

"అక్కా, కూర్చో."

"కూర్చోను. చెప్పు."

సేనాని చెప్పాడు. హానిబాల్ కథ చెప్పడం అతనికి అలవాటు. సమ్మె మీటింగుల్లో వందసార్లు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఈసారి నేల మీద ఏదో పారేసుకున్నవాడిలా కిందికి చూస్తూ చెప్పాడు. రోమన్ల సైన్యం పెద్దది. ఎదురెదురు నిలబడితే నలిగిపోతాం. అందుకని హానిబాల్ నడిమి వరసని ముందుకు ఉబ్బించి పెట్టాడు. శత్రువు దాని మీద పడతాడు. నడిమి వరస వెనక్కి తగ్గుతుంది. గెలుస్తున్నామనుకుని శత్రువు లోపలికి దూరుతాడు. అప్పుడు రెండు పక్కల వరసలూ తలుపుల్లా మూసుకుంటాయి.

"కర్రలవాళ్ళు లోపలికొచ్చారు. మనం రెండు పక్కలా మూసేశాం. గేటు మన చేతికొచ్చింది. ఒక్క లారీ కదల్లేదు. సాయంత్రానికి యజమాని సంతకం పెట్టాడు. అంతే అక్కా."

అంతే. యుద్ధాల పుస్తకాల నిండా ఇదే మాట. నడిమి వరస వంగింది అని రాస్తారు, బాణాల గుర్తులు వేస్తారు, పేజీ తిప్పేస్తారు. ఆ వంగినచోట ఎవడి డొక్క ఎవడి కాలి కింద పడిందో బాణం గుర్తు చెప్పదు. చదివినవాడికి ఒళ్ళు పులకరిస్తుంది. పులకరించిన ఒంటితో వీధిలోకొచ్చి మనుషుల్ని పేరుస్తాడు.

"అంతేనా," అంది అక్క. చాలా మెల్లగా అంది. "ఆ నడిమి వాళ్ళకి తెలుసా, తాము వెనక్కి తగ్గడానికే నిలబడ్డామని? మీ హానిబాల్ వాళ్ళకి చెప్పాడా?"

"నేను చదివిన పుస్తకాల్లో ఆ సంగతి లేదు."

"నువ్వు చెప్పావా?"

కింద కొట్లో గడియారాలు ఒకదాని వెనక ఒకటి కొట్టడం మొదలుపెట్టాయి. బాగుచేయడానికి వచ్చిన గడియారాలు కదా, ఏదీ ఇంకోదాంతో కలవదు. అన్నీ ఆగాక సేనాని అన్నాడు.

"చెబితే నటిస్తారక్కా. నటిస్తే అవతలివాళ్ళు పసిగడతారు. ఉచ్చులోకి రారు. నిజంగా బెదరాలి. నిజంగా వెనక్కి తగ్గాలి. బొమ్మలకైతే..." ఆగిపోయాడు.

"బొమ్మలకైతే చెప్పే పని లేదు. అదేనా?"

తల ఊపాడు.

"మీ బావ గేటు దగ్గరికి పోతూ ఏమన్నాడో తెలుసా? ఎందుకయ్యా ముందుకి, నీకు నడుం నొప్పి, వెనక నిలబడు అన్నా. మీ తమ్ముడున్నాడుగా, వాడు చూసుకుంటాడు అన్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని పెళ్ళికి పోయినట్టు పోయాడు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి ఏమీ రాలేదు. "ఏడాదిగా ఆయన్నే తిట్టుకుంటున్నానురా నేను. పది మందీ పక్కకి తప్పుకున్నారు, నువ్వెందుకు తప్పుకోలేదయ్యా, లారీ ఎదురొచ్చినా తప్పుకోవడం తెలియని మొద్దువి, అక్కడ కూడా మొద్దులా నిలబడ్డావా అని. అన్నం వండుతూ తిట్టా. బట్టలు ఉతుకుతూ తిట్టా. పక్కన దారి లేదని నాకు తెలియదు. రెండు పక్కలా మూసింది మనవాళ్ళే, వెనక అరుగు. ఇంకెక్కడికి పోతాడు మనిషి?"

సేనాని బల్ల అంచు పట్టుకున్నాడు. బొమ్మలు కొన్ని ఊగాయి.

"వాళ్ళు అంత వెనక్కి వస్తారనుకోలేదక్కా. అరుగుకి ఇటే ఆగుతారనుకున్నా. ఆటలో నడిమి వరస నేను ఆపినచోట ఆగుతుంది. అక్కడ ఈల వేశా. ఎవరికీ వినపడలేదు. వినపడినా ఆ ఈలకి అర్థమేంటో వాళ్ళకి తెలియదు. తెలియకుండా చేసింది నేనే."

"ఈల ఎక్కణ్ణించి వేశావు?"

సేనాని చెయ్యి మళ్ళీ టేపు మీదికి పోయింది.

"గేటు దగ్గరున్నానన్నావు. బావ పక్కనే ఉన్నానన్నావు. నీ చొక్కా నిండా ఆయన నెత్తురు నేనే ఉతికా."

"తర్వాత దిగొచ్చా. నేనే ఎత్తుకున్నా."

"ఎక్కణ్ణించి దిగావురా?"

సేనాని నిలువు డబ్బా మీద పెట్టిన బొమ్మని చూశాడు. ఎర్ర దుస్తుల బొమ్మ. మిగతావాటికంటే కాస్త పెద్దది, బాబాయి ముచ్చటపడి రంగులు వేసింది.

అక్క కూడా చూసింది. "ట్యాంకు మీద ఉన్నావు." తర్వాత బాబాయి వైపు తిరిగింది. "బాబాయ్, ఆ హానిబాల్ కూడా ఇలాగే ఎత్తున కూర్చుని చూశాడా?"

బాబాయి నుదుటి మీది భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు.

"లేదమ్మా. నడిమి వరసలోనే నిలబడ్డాడని పాతవాళ్ళు రాశారు. తమ్ముణ్ణి కూడా పక్కన పెట్టుకుని."

"నడిమిలోనా?"

"నడిమిలోనే. ఆ వరస వెనక్కి తగ్గుతుంటే తనూ వాళ్ళతో పాటు వెనక్కి తగ్గాడు. వీడికీ తెలుసు. ఇద్దరం కలిసే చదివాం." ముసలాయన ఎర్ర బొమ్మ వైపు వేలు చూపించాడు. "మన ఆటలో మాత్రం ఎవడూ సేనాపతి బొమ్మని అక్కడ పెట్టడు. పడిపోతే ఆట పోతుందిగా. అందరూ ఎత్తు మీద పెట్టుకుంటారు, భద్రంగా. ఆడీ ఆడీ అదే యుద్ధం అనుకున్నాం. ఆ నియమం పెట్టింది నేనే అమ్మాయ్. ఆట గబగబా తేలుతుందని పెట్టా. ఇంటికి పోయి భోంచెయ్యొచ్చని పెట్టా."

అలాంటి చిన్న సంగతి. భోజనానికి ఆలస్యం కాకుండా పెట్టుకున్న నియమం. దాని వల్ల ఒక మనిషి ట్యాంకెక్కాడు, ఇంకో మనిషి అరుగు కింద నలిగిపోయాడు.

"ప్రతి ఆదివారం పేరుస్తున్నా అక్కా," అన్నాడు సేనాని. ఇప్పుడతని గొంతు చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినవాడి గొంతులా ఉంది. "నడిమి వరస మొత్తం మిగిలేలా ఏదో ఒక దారి ఉంటుందని. ఒక్కసారీ మిగల్లేదు. గేటు వస్తుంది, బావ పోతాడు. బావని తప్పిస్తే గేటు పోతుంది."

"అయితే గేటు వదిలెయ్యాల్సింది," అంది అక్క. అనేసి, తనే తల అడ్డంగా తిప్పింది. ఆ గేటు వల్ల తగ్గిన పని గంటలతో ఆమె కూడా ఏడాదిగా ఇంటికి తొందరగా వస్తోంది. ఆ సంగతి ఆమె మర్చిపోలేదు. అందుకే ఇంకా మండింది.

"రేపు?"

సేనాని విల్లు వరసలో ఒరిగిన బొమ్మని నిలబెట్టాడు.

"రేపు ఎలా పేర్చావురా?"

"ఇలాగే."

"నడిమిలో ఎవరు?"

"మడతల సెక్షన్."

మడతల సెక్షన్ అంటే రోలర్ల కింద నుంచి వేడిగా వచ్చిన దుప్పటిని ఇద్దరేసి పట్టుకుని మడిచేవాళ్ళు. అందరూ ఆడవాళ్ళే. వాళ్ళ తరఫున మాట్లాడేది పిడుగు.

అక్క చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాడు సేనాని. కొడితే బాగుండునని మొహం ముందుకు పెట్టాడు కూడా. ఆమె ఆ చేత్తో బల్ల అంచు పట్టుకుని, నెమ్మదిగా, ఆ గదిలో ఉన్న ఒకే ఒక స్టూలు మీద కూర్చుంది. బాబాయి మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె తాగలేదు.

అప్పుడే మెట్ల మీద బోలెడన్ని చెప్పుల చప్పుడు. నవ్వులు. తలుపు దబాలున తెరుచుకుంది.

"మామయ్యా, మా సైన్యం దిగింది!" పిడుగు లోపలికి దూసుకొచ్చింది. "రేపు ఎవరెక్కడ నిలబడాలో చెప్తానన్నావుగా? అందరూ మెట్ల మీదే ఉన్నారు. మా సెక్షన్‌లో అందరూ పెద్దమ్మ అనే ముసలావిడైతే మోకాళ్ళ నొప్పులతో కిందే ఆగింది, పైకెక్కాలంటే టీ పోయించాలట... అమ్మా? నువ్వేంటి ఇక్కడ?"

"నీ మామయ్య నీకో సంగతి చెప్తాడు," అంది అక్క. "తలుపు వేసి విను."

సేనాని చెప్పాడు. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకుంటాం. కాలేదు. హానిబాల్ పేరెత్తలేదు. ట్యాంకుతో మొదలుపెట్టి, ఈలతో, అరుగుతో ముగించాడు. తర్వాత రేపటి మాట చెప్పాడు.

పిడుగు గోడకి ఆనుకుని విన్నది. ఆ పిల్ల అంతసేపు మాట్లాడకుండా ఉండటం పుట్టాక అదే మొదటిసారి అయ్యుండాలి.

"నాన్నకి చెప్పాల్సింది మామయ్యా," అంది చివరికి.

"తెలుసు."

"నీకు తెలియదు. చెప్పి ఉంటే ఒప్పుకునేవాడు." గోడ వదిలి ముందుకొచ్చింది. "నీతో వాదించేవాడు, నాలుగు తిట్టేవాడు, తర్వాత ఒప్పుకునేవాడు. అరుగు దగ్గర ఆగాలని తెలిస్తే మిగతావాళ్ళని కూడా ఆపేవాడు. నాన్న రోలర్ల ముందు నిలబడ్డ మనిషి. భయపడటం ఆయనకి నువ్వు నేర్పాలా? ఆయన ఇచ్చేవాడు మామయ్యా. నువ్వు అడగకుండా తీసుకున్నావు."

సేనాని ఏడ్చాడు. ఏడుపు చూసి అక్క లేచింది గానీ, అతని దగ్గరికి పోలేదు. కిటికీ దగ్గరికి పోయింది.

"రేపు నేను నడిమిలో నిలబడతా," అన్నాడు సేనాని మొహం తుడుచుకుంటూ. "మీకంటే ముందు. ట్యాంకెక్కను."

"నిలబడు. నిన్నెవరొద్దన్నారు? దాంతో సరిపోతుందా?" పిడుగు తలుపు వైపు చెయ్యి చూపించింది. "వాళ్ళకి చెప్పు. నాకు చెప్పినట్టే, మొత్తం. ఉండేవాళ్ళు ఉంటారు, పోయేవాళ్ళు పోతారు."

"అందరూ పోతే? రేపు గేటు దగ్గర ఎవరూ లేకపోతే? కమ్మీలు రావు పిడుగూ. ఇంక ఎప్పటికీ రావు. రోలర్ల మీద వేళ్ళు..."

"మా వేళ్ళ సంగతి మేం ఆలోచించుకుంటాం."

అతను అక్క వైపు చూశాడు. అక్క వీధిలోకి చూస్తోంది. "నా పిల్లని తప్పించమని అడగడానికి వచ్చా," అంది వెనక్కి తిరక్కుండానే. "ఇప్పుడు అది అడగను. దాని చోట ఇంకొకరి పిల్ల నిలబడుతుంది, అంతేగా? పో. చెప్పు."

సేనాని తలుపు తీశాడు.

మెట్ల నిండా ఆడవాళ్ళు. గోడకి ఆనుకుని కొందరు, ఒకరి ఒళ్ళో ఒకరు కాళ్ళు పెట్టుకుని కొందరు. వేళ్ళకి గుడ్డ కట్లు. అందరికంటే కింద, వీధి తలుపు దగ్గర, మోకాళ్ళు పట్టుకుని పెద్దమ్మ కూర్చుంది.

"ఏమయ్యా సేనానీ!" అని కిందనుంచే కేకేసింది. "రేపు మా చోటెక్కడ? నాకు గోడ పక్కన ఇవ్వు, ఆనుకోవడానికి ఉంటుంది."

అందరూ నవ్వారు. అతను ఆ నవ్వు ఆగేదాకా ఉండలేదు. ఆగితే తన ధైర్యం కూడా ఆగిపోతుందని తెలుసు.

"మా బావ పోయింది ఉత్త తొక్కిసలాటలో కాదు," అన్నాడు. "కిందటేడు మీరంతా బెదిరి వెనక్కి తగ్గాలనే నేను మిమ్మల్ని అక్కడ పెట్టా. మీకు చెప్పకుండా పెట్టా. నేను ట్యాంకు మీద ఉన్నా. రేపటికి కూడా అలాగే పెట్టా."

నవ్వు ఒక్కో మెట్టు మీదా ఆరిపోతూ కిందికి దిగింది. ఒళ్ళో పెట్టుకున్న కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఒకామె లేచి నిలబడింది. ఇంకొకామె లేచింది. ఆ రోజు అరుగు మీద పడి చెయ్యి విరిగిన మనిషి ఆమె, ఆ చెయ్యి ఇప్పటికీ తిన్నగా చాపలేదు. ఎవరో "ఛీ" అన్నారు. పైన తలుపు దగ్గరికి పిడుగు వచ్చి నిలబడింది.

పెద్దమ్మ గోడ పట్టుకుని, ఒక్కో మోకాలూ కూడదీసుకుంటూ లేచింది. పోతుందనుకున్నారు అందరూ. ఆమె పోతే వెనకే అందరూ పోతారు.

ఆమె వీధి తలుపు మూసింది. లోపల గడియ పెట్టింది. తలుపుకి వీపు ఆనించి నిలబడి, పైకి చూసింది.

"ఎవరూ కదలొద్దు," అంది. "నువ్వు కిందికి దిగిరా."